సైబరాబాద్ ప్రాంత నేలలు: కట్టడం, మురుగునీటి ఇంకుదల, పెరటి సాగు

పరిచయం

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల చల్క భూములు క్రమంగా భవన స్థలాలయ్యాయి. పూర్వం ఈ నేలను పంట కోసమే పరీక్షించేవారు. నేడు గృహస్థుడు అదే నేల నుండి మూడు పనులు ఆశిస్తున్నాడు: ఇంటి బరువు మోయడం, మురుగునీటిని ఇంకించుకోవడం, మొక్కను పెంచడం. ఈ మూడింటికి కావలసిన లక్షణాలు పరస్పర భిన్నమైనవి. పునాదికి దిట్టమైన పొర, మురుగునీటికి నెమ్మదిగా వడగట్టే పొర, మొక్కకు గుల్లగా ఉండే పొర అవసరం. కావున ఏ పొర ఏ పనికి తగునో నిర్ణయించడమే నేల పరీక్ష ప్రధానోద్దేశం.

నేలల స్వభావం

ఇది అర్ధశుష్క ప్రాంతం. సగటు వార్షిక వర్షపాతం సుమారు 800 మి.మీ. ఇందులో అధికభాగం నైరుతి రుతుపవన కాలంలోనే కురుస్తుంది. వాతావరణం నేల నుండి, మొక్కల నుండి ఆవిరిగా తీసుకోగల నీరు దీనికి దాదాపు రెట్టింపు.

మూలశిల గ్రానైటు. దుర్గం చెరువు, ఖాజాగూడ పరిసరాల బండరాళ్లు దీనికి ప్రత్యక్ష నిదర్శనం. ఈ శిల శైథిల్యం చెందగా ఏర్పడిన ఎర్ర నేలలో నాలుగు అంచెలు కనిపిస్తాయి: పైన పలుచని ఇసుకపాలు గల మట్టి, దాని కింద బంకమన్ను పేరుకొన్న ఎర్ర పొర, తరువాత మొరం, అడుగున పగుళ్లున్న రాయి. గుట్టల వాలులో పై రెండు పొరలు చాలా పలుచన. పల్లపు ప్రాంతాల్లో నల్లరేగడి ఉంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్ర, నల్ల నేలలు రెండూ ఒకే ఆవరణలో ఉండటం ఈ వైవిధ్యాన్ని చాటుతుంది.

కట్టడం

గట్టి మొరం, రాయి పునాదికి అనుకూలం. అయితే ఒకే స్థలంలో ఒక మూల బండ, మరొక మూల పూడ్చిన మట్టి ఉన్నచో భవనం అసమానంగా కుంగి గోడలు బీటలు వారుతాయి. నల్లరేగడి తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు కుదించుకుపోతుంది. అట్టి నేలలో పునాదిని తేమ మార్పు సోకని లోతుకు దించాలి, లేదా అడుగున ఉబ్బెత్తు గల పైల్స్ వాడాలి. గోడ పక్కనే తరచు నీరు పెట్టే పూలమడి ఉండరాదు.

మురుగునీటి ఇంకుదల

సెప్టిక్ ట్యాంకు ఘనపదార్థాన్ని నిలిపి కొంతవరకు కుళ్లజేస్తుంది. వెలువడే నీటిలో రోగకారక క్రిములు, నత్రజని మిగిలే ఉంటాయి. మిగిలిన శుద్ధి నేల చేయాలి.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2470 ప్రకారం ఇంకుదల పరీక్షకు ప్రతిపాదిత లోతు వరకు 10–30 సెం.మీ. వెడల్పు గల గుంత తీసి, అడుగున 5 సెం.మీ. గులకరాయి పరచి, 30 సెం.మీ. ఎత్తున నీరు నింపి రాత్రంతా నాననివ్వాలి. మరునాడు నీటిమట్టం 25 మి.మీ. తగ్గడానికి పట్టే కాలాన్ని కొలవాలి. 30 నిమిషాలలోపైతే ఇంకుడు గుంత లేదా కాలువ, 30–60 నిమిషాలైతే కాలువ మాత్రమే తగును. 60 నిమిషాలు దాటితే ఆ నేల పనికిరాదు. వేసవిలో నల్లరేగడి నెర్రెలు నీటిని క్షణాల్లో మింగుతాయి గనుక ముందుగా నానబెట్టడం తప్పనిసరి.

నీరు త్వరగా మాయమగుటను శుభలక్షణంగా భావించరాదు. గుంత బంకపొరను చీల్చుకొని రాతి పగుళ్లను తాకినపుడు మురుగు వడపోతకు నోచుకోకుండానే బోరుబావిని చేరగలదు. మట్టిలో గాలి సోకినచోట అమ్మోనియా నైట్రేటుగా మారి నీటితోపాటు దిగుతుంది. తాగునీటిలో నైట్రేటు పరిమితి లీటరుకు 45 మి.గ్రా. మాత్రమే. మంచినీటి వనరుకు, ఇంకుడు గుంతకు మధ్య కనీసం 18 మీ. దూరం ఉండాలని ప్రమాణం. 30×60 అడుగుల 200 గజాల స్థలం పొడవే సుమారు 18 మీ. కావున ఇట్టి స్థలంలో బోరు, ఇంకుడు గుంత రెండూ ఉంచడం దాదాపు అసాధ్యం. పొరుగువారి బోరును సైతం లెక్కించాలి. పగుళ్ల రాతిలో ఆ దూరం కూడా పూర్తి భరోసా కాదు. మురుగు కాలువ అందుబాటులో ఉన్నచోట దానికే కలపడం మేలు.

పెరటి సాగు

తవ్వకంలో మొరం పైకి, పైమట్టి కిందకు చేరడం సర్వసాధారణం. మొరంలో సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం స్వల్పం. నీటి నిల్వశక్తి కూడా తక్కువ. సిమెంటు, సున్నపు వ్యర్థాలు కలిసినచో ఉదజని సూచిక పెరిగి ఇనుము, జింకు లోపాలు తలెత్తి లేత ఆకులు పసుపు బారుతాయి. అటువంటి స్థితిలో ఎరువు మోతాదు పెంచే ముందు వ్యర్థాలను ఏరివేయాలి. పై 15–20 సెం.మీ. మట్టిని తవ్వకానికి ముందే విడిగా కుప్పవేసి, తరువాత పరచి, బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. ఎర్ర నేల వానకు పైన పొర కడుతుంది కనుక ఆకులతో మల్చింగ్ చేయాలి. మునగ, సీతాఫలం, కరివేపాకు, నిమ్మ అనువైనవి. సెప్టిక్ నీటిని ఆకుకూరలకు, దుంపలకు పారించరాదు.

100 చ.మీ. పైకప్పుపై 800 మి.మీ. వానకు 80 వేల లీటర్ల నీరు పడుతుంది. దీనిని ఇంకించే గుంతను మురుగు గుంతకు దూరంగా, ఎగువన ఉంచాలి.

ముగింపు

విస్తరణ శాస్త్రవేత్త స్థల సందర్శనలో మొదట నేల నిలువుకోతను, తరువాత బోర్ల స్థానాలను, ఆపై ఇంకుదలను పరిశీలించి, చివరకు మొక్కల ఎంపికను సూచించాలి. ఈ వరుసను తారుమారు చేసినచో పునాదిని సరిదిద్దడం ఖర్చుతో కూడిన పని. కలుషితమైన భూగర్భజలాన్ని సరిదిద్దడం అంతకన్నా దుస్సాధ్యం.