బావరి తల పగిలిందా?



"బౌద్ధం నాగపూర్ నుంచి వచ్చింది, మహారాష్ట్రోళ్ళ మతం మనకెందుకు?" అని మన బస్తీల్లో ఇప్పటికీ అడుగుతుంటరు. 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నది నాగపూర్‌లోనే, నిజమే. కానీ ధమ్మం మన గోదావరి ఒడ్డుకు వచ్చింది దానికి రెండు వేల ఏండ్ల ముందు.

పాళీ త్రిపిటకంలోని పాత గ్రంథాల్లో సుత్తనిపాతం ఒకటి. దాని చివరి భాగంలో బావరి కథ ఉంది. అస్సక దేశంలో, గోదావరి తీరాన ఉండే ముసలి బ్రాహ్మణ గురువు ఆయన. ఆ చోటు నిర్మల్ జిల్లా బాదనకుర్తి అని కొందరు పరిశోధకులు అంటారు. యజ్ఞం చేసి ఉన్నదంతా దానమిచ్చేసినంక, ఇంకో బ్రాహ్మణుడు వచ్చి ఐదు వందలు అడిగాడు. లేవంటే, ఏడో రోజు నీ తల ఏడు ముక్కలైతదని శపించాడు. బావరికి తిండి సయించలేదు. అజితుడు, పింగియుడు మొదలైన పదహారు మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్ళు పైఠాన్, ఉజ్జయిని, విదిశ మీదుగా మగధ దాకా పోయారు.

బుద్ధుడు శాంతి చేయించమనలేదు, తాయెత్తు ఇవ్వలేదు. తల అంటే అవిద్య, దాన్ని పగలగొట్టేది విద్య అని చెప్పాడు.

బాయి పని చేసినోళ్ళకు ఇది తొందరగా అర్థమైతది. తల మీద కప్పు ఉన్నప్పుడు భయం ఉంటది. మొక్కుకుంటే కప్పు ఆగదు. కర్రతో తట్టి, గుల్ల చప్పుడు వస్తుందా అని విని, దిమ్మె పెట్టేది తెలివి.

బావరి కథలో ధైర్యం చెప్పే దేవత కూడా వస్తుంది. అది కూడా నమ్మాలా? బుద్ధి ఒప్పనిది, మనిషి మేలుకు సంబంధం లేనిది బుద్ధవచనంగా తీసుకోవద్దని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో కొలత ఇచ్చారు. దేవతను వదిలేసినా కథకు నష్టం లేదు.

మన పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్టలో శాతవాహనుల కాలపు స్తూపం ఉంది. అక్కడి సున్నపురాతి ఫలకాల మీద ముచలింద నాగు పడగ విప్పి ఉంటుంది. బుద్ధుడి విగ్రహం కనిపించదు, గుర్తులే ఉంటాయి. అది తొలి కాలపు పద్ధతి. విగ్రహాలు తర్వాత వచ్చాయి.

సంఘం కూడా ఒక్కతీరుగ ఉండలేదు. పరినిర్వాణం తర్వాత సుమారు నూరేండ్లకు వైశాలిలో వినయ నియమాల మీద తగాదా వచ్చింది. ఆ కాలపు చీలికల్లోనే స్థవిరులు, మహాసాంఘికులు వేరయ్యారు. మహాసాంఘికుల శాఖలైన పూర్వశైలీయులు, అపరశైలీయులు అమరావతి, నాగార్జునకొండ వైపు బలపడ్డారు. నాగార్జునుడి మాధ్యమికం మహాయానానికి ఊపిరి పోసింది. వజ్రయానంలో మంత్రాలు, తంత్రాలు పెరిగాయి. థేరవాదం సింహళంలో నిలబడింది. ఏ పాత శాఖలోనూ చేరకుండా బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞలతో మనకు నవయానం ఇచ్చారు.

చర్చకు: మన ఇండ్లల్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు "ఎవరో చేతబడి చేసిన్రు" అన్న మాట మొదట ఎవరి నోటి నుంచి వచ్చింది? అప్పుడు పైసలు ఎవరికి ముట్టినయ్?