సముద్రం చదవాలంటే ముందు గైడ్‌ను చదవండి

పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టేవాళ్లు యూనివర్సిటీ పేరు చూస్తారు, హాస్టల్ సంగతి కనుక్కుంటారు, ఫెలోషిప్ ఎంతో లెక్కేస్తారు. ఐదేళ్లు ఎవరి దగ్గర పనిచేయాలో ఆ ప్రొఫెసర్ పరిశోధన ఏమిటన్నది మాత్రం ఇంటర్వ్యూ ముందు రాత్రి వెతుకుతారు. సముద్ర, పర్యావరణ శాస్త్రాల్లో ఇలా చేస్తే ఇబ్బందే. ఇక్కడ ఒకే బోర్డు కింద ఉన్నవాళ్ల పనుల మధ్య పొంతనే ఉండదు.

బంగాళాఖాతాన్నే తీసుకోండి. గోదావరి, మహానది, గంగ తెచ్చిపోసే మంచినీరు పైన తేలికపాటి పొరగా నిలిచి, అడుగు నీటిని పైకి రానివ్వదు. భౌతిక సముద్రశాస్త్రం ప్రొఫెసర్‌కు ఇది ఉష్ణోగ్రత, లవణీయత, తుపాన్ల లెక్క. ఆయన విద్యార్థి రోజంతా కోడింగ్‌లోనే ఉంటాడు. రసాయనం వాళ్లు పోషకాలు, ఆక్సిజన్ కొలుస్తారు. జీవశాస్త్రం వాళ్లు ప్లవకాలు లెక్కపెడతారు. భూవిజ్ఞానం వాళ్లయితే సముద్రం అడుగు మట్టిని 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి, మైక్రోస్కోప్ కింద సన్నని కుంచె కొనతో ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలను ఒక్కొక్కటే ఏరుతారు. వేల ఏళ్ల కిందటి రుతుపవనాల ఆనవాళ్లు వాటిలో దొరుకుతాయి. ఓపిక లేనివాళ్లు అక్కడ చేరితే గైడ్‌కూ శిక్షే.

వెబ్‌సైట్‌లో రాసుకున్న 'స్పెషలైజేషన్' పదేళ్ల కిందటిదీ కావచ్చు. ఇటీవలి పేపర్లలో పద్ధతుల భాగం చదవండి. శాంపిళ్లు ఎక్కడివి? కొలిచిన పరికరం ల్యాబ్‌లో ఉందా, బయటికి పంపించారా? మొదటి రచయితలు విద్యార్థులేనా? వాళ్లిప్పుడు ఏం చేస్తున్నారు? వీలైతే వాళ్లలో ఒకరితో మాట్లాడండి.

ఇలాంటి గైడ్ల కోసం మనకు దూరం వెళ్లాల్సిన పనీ లేదు. 1950ల్లో అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వచ్చి పనిచేసిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉన్నాయి. సముద్రమే లేని హైదరాబాద్‌లో సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. చేపలు దొరికే చోట్లు చెప్పేదీ, 2007 నుంచి సునామీ హెచ్చరికలిచ్చేదీ అదే.

ఫెలోషిప్ కోసం రాయాల్సిన అర్హత పరీక్ష కూడా గైడ్ రంగాన్నిబట్టే మారుతుంది. భౌతిక, భూవిజ్ఞాన శాఖలకు సీఎస్ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్, మెరైన్ బయాలజీకి లైఫ్ సైన్సెస్, పర్యావరణ శాస్త్రానికి యూజీసీ నెట్. జేఆర్ఎఫ్ వస్తే 2023లో పెంచిన లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు.

ఇక మెయిల్. వందమందికి ఒకేలా పంపే పొగడ్తలను ప్రొఫెసర్లు మొదటి లైన్లోనే పసిగడతారు. మీరు ఎంచుకున్న ప్రొఫెసర్ పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థంకాని చోట ఒక్క ప్రశ్న అడగండి. జవాబొస్తే, ఓడ ఎక్కి శాంపిళ్లు తెచ్చే అవకాశం ఉంటుందో లేదో తర్వాతి మెయిల్‌లో కనుక్కోండి.