ఎంఏ చరిత్ర నుంచి ఎంబీబీఎస్‌కు

ప్రశ్న: ఇంటర్‌లో హెచ్‌ఈసీ. ఇప్పుడు ఎంఏ చరిత్ర చదువుతున్నాను. డాక్టర్ కావచ్చా?
– ఓ పాఠకురాలు, ములుగు, సిద్దిపేట జిల్లా

జవాబు: కావచ్చమ్మా. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. మీ డిగ్రీ అడ్డు కాదు, ఇంటర్‌లో సైన్సు లేకపోవడమే అడ్డు. ఓపెన్ స్కూల్లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లిష్‌తో ఇంటర్ పూర్తిచేయండి, ప్రాక్టికల్స్ తప్పనిసరి. ఇంటర్ తర్వాత అదనంగా చదివిన సబ్జెక్టులనూ జాతీయ వైద్య కమిషన్ 2023లో అంగీకరించింది. నీట్ 720 మార్కుల్లో 360 జీవశాస్త్రానివే. చరిత్ర చదివిన జ్ఞాపకశక్తి అక్కడ బాగా అక్కరకొస్తుంది. కష్టమంతా భౌతికశాస్త్రంతోనే, దాన్నే ముందు మొదలుపెట్టండి. సీటొచ్చాక నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ లెక్క ఇంట్లో ఇప్పుడే చెప్పండి. ఎంఏ మాత్రం మధ్యలో వదలకండి.