ఊదలు: రంజాన్ కిట్‌లో ఒక కిలో



మన చర్ల రైతుకు ఊద అంటే కలుపు. తాలిపేరు ప్రాజెక్టు కింద చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో వరి వేసినవాళ్లంతా దాన్ని పీకి గట్టున పడేసినవాళ్లే. ఆ గడ్డి జాతిలోనే తిండికోసం సాగుచేసే రకం ఉంది. దాని గింజలే ఊదలు. వర్షాధారంగా, సుమారు మూడు నెలల్లో చేతికొచ్చే పంట ఇది.

కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలతో పాటు ఊదలనూ సిరిధాన్యాలుగా ఇంటింటికీ పరిచయం చేసినవారు కడప జిల్లా ప్రొద్దుటూరులో పుట్టిన డాక్టర్ ఖాదర్ వలీ. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినదీ 2023నే.

పాలిష్ బియ్యంతో పోలిస్తే ఊదల్లో పీచు ఎన్నో రెట్లు ఎక్కువ. అందువల్ల అన్నం నెమ్మదిగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు, త్వరగా ఆకలి వేయదు. సహరీలో తింటే ఉపవాసానికి ఆసరా. మలబద్ధకం తగ్గుతుంది. గోధుమ పడనివారూ తినవచ్చు. అయితే తెల్లగా పాలిష్ పట్టినవి కొంటే ఈ మేలు చాలావరకు పోతుంది.

వండడం తేలికే. గ్లాసు ఊదలు కడిగి, రెండు గంటలు నానబెట్టి, రెండున్నర గ్లాసుల నీళ్లతో ఉడికిస్తే అన్నం. పావు గ్లాసు మసూర్ పప్పు, ఉల్లిపాయ, పుదీనా, మరో గ్లాసు నీళ్లు చేరిస్తే కిచిడీ. పక్కన ఖట్టా ఉంటే పిల్లలూ వదలరు. ఇఫ్తార్‌కు గంజి, పండగకు పాలూ బెల్లంతో ఖీర్, మామూలు రోజుల్లో ఉప్మా చేసుకోవచ్చు. ఇడ్లీ, దోశ పిండిలో బియ్యం బదులు వేసుకోవచ్చు.

మొదట వారానికి రెండు పూటలు చాలు. కడుపు అలవాటు పడాలి. నీళ్లు బాగా తాగాలి. ఊదలు మందు కాదు, ఆహారం. చక్కెర మాత్రలు మానకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తినాలి.

ఇక దాతలకు ఒక మనవి. ఊదలు బియ్యం కంటే ఖరీదు, రేషన్ బియ్యంలా చౌకగా దొరకవు. అందుకే చక్కెర జబ్బున్న పేద తల్లి మూడు పూటలా మనమిచ్చిన బియ్యమే తింటోంది. ఈసారి అలాంటి ఇళ్లను ముందే అడిగి, ఇష్టపడినవారి కిట్‌లో కిలో ఊదలు, వండే పద్ధతి రాసిన చీటీ పెడదాం. ఇచ్చేది కడుపు నింపడమే కాదు, ఒంటికి సరిపడాలి కూడా.