కట్టేసిన పడవ మీద కాపురం

పవర్‌పేట, ఏలూరు

చిరంజీవి అమ్మడికి తాతయ్య ఆశీస్సులు.

తెరచాప పడవ నేర్చుకోవడానికని హైదరాబాదు వెళ్ళి పది రోజులైనా అమ్మడు ఇంకా పడవ నడపలేదట. హుస్సేన్ సాగర్ ఒడ్డున కట్టేసిన పడవలో కూర్చోబెట్టి ముడులు వేయించడం, నీళ్ళు తోడించడం, తెరచాప మడత పెట్టించడం, ఇదే చదువట. నాయనమ్మతో ఫోనులో గోడు వెళ్ళబోసుకుంటుంటే పక్కనే పేపరు చదువుతున్న తాతయ్య చెవిన పడింది. ఫోనులో చెబితే సగం అమ్మడు వినదు, సగం తాతయ్యకి గుర్తుండదు. అందుకే ఈ ఉత్తరం.

తాతయ్య చిన్నప్పుడు ఏలూరు కాలువ మీద గూటిపడవలు తిరిగేవి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, బెజవాడది 1855లో. ఆ రెండిటి పుణ్యాన గోదావరి నీళ్ళు నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగానూ, కృష్ణ నీళ్ళు బెజవాడ నుంచీ వచ్చి మన ఊళ్ళోనే కలుస్తాయి. కాటన్ దొర ఆ కాలువల్ని పొలాల కోసం ఎంత తవ్వించాడో పడవల కోసమూ అంతే తవ్వించాడు. మట్టం మారేచోట లాకులు పెట్టింది అందుకే. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు. లేదంటే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ మోకు భుజానికేసుకుని లాగేవారు. 2008లో ఈ కాలువను జాతీయ జలమార్గం-4లో కలిపారు. పేరైతే గొప్పగా వచ్చింది, తెరచాప మాత్రం తాతయ్యకి మళ్ళీ కనపడలేదు.

ఎండాకాలం మరమ్మతులకని కాలువలు కట్టేసేవారు. నీళ్ళు మోకాలి లోతుకి దిగేసరికి పడవలు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. ఒక ఏడు తాడేపల్లిగూడెం దగ్గర ధాన్యం పడవ ఒకటి అలాగే చిక్కుకుంటే, సరుకుకి కాపలాగా వెళ్ళిన ముత్తాత ఎనిమిదేళ్ళ తాతయ్యను వెంట తీసుకెళ్ళాడు. కదలని పడవ మీద నాలుగు రోజులంటే నాలుగు రోజులూ ఆటలే అనుకున్నాడు పిల్లాడు. మొదటిరోజు తెల్లారకముందే సరంగు లేపి చేతిలో నూనె డబ్బా పెట్టాడు. అడుగున చేరిన నీళ్ళు తోడమని.

ఆగిన పడవలోకి నీళ్ళెలా వచ్చాయన్నది పిల్లాడి సందేహం. సరంగు పడవ పక్కన చెయ్యి పెట్టి చూపించాడు. నీళ్ళలో ఉన్న చెక్క ఉబ్బి బిగుసుకుంటుంది. ఎండ తగిలిన చెక్క ముడుచుకుని సందులిస్తుంది. కాలువ దిగుతున్నకొద్దీ పడవ పక్కలు ఎండకి బయటపడతాయి. వాటి మీద పూటకి రెండుసార్లు నీళ్ళు చల్లకపోతే, కాలువ వదిలిన రోజున ఆ సందులన్నీ నోళ్ళు తెరుస్తాయి. నార పేని సందుల్లో కుక్కడం, గుగ్గిలం నూనెలో కాచి వేడి మీద పూయడం, చీకిన మోకుని కోసి కొత్తది అతకడం, తెరచాప చిరుగులు కుట్టుకోవడం, ఇదంతా ఆగి ఉన్నప్పుడే తెమలాలి. పడవ నడిచేటప్పుడు సరంగు చుక్కాని పట్టుకుని పాటలు పాడతాడు. ఆగినప్పుడు నడుము విరిగేలా పనిచేస్తాడు.

వంట సంగతి మరీ చిత్రం. మట్టి పరిచిన చెక్కపెట్టెలో పొయ్యి, పక్కనే నిండు బాన. రోజూ అగ్గి వెలిగించేముందు గాలి ఎటు పోతోందో చూసి, పొగా రవ్వలూ నీళ్ళ మీదికి పోయే కొసకి పొయ్యిని జరిపేవారు. ధాన్యమూ గడ్డీ మోసే పడవకి ఒక్క రవ్వ చాలు. తాగే నీళ్ళ కుండ చుట్టకుదురు మీద గూటి నీడలో ఉండేది, దాని జోలికి కడుక్కోవడానికి ఎవరూ వెళ్ళకూడదు. చెంబు, కత్తి, లాంతరు దేని చోటు దానిదే. రాత్రి తడిమితే చేతికి తగలాలి. మరుగుదొడ్డి గురించి అమ్మడు అడగలేదు గానీ అడగాలనుకుందని తాతయ్యకి తెలుసు. చీకటితోనే లేచి గట్టెక్కడమే, వేరే దారి లేదు.

కాలువ సంగతి అలా ఉంచితే, ద్వీపంలో పడవ అనగానే అమ్మడికి అండమాన్ గుర్తొస్తుంది. కైకలూరు అవతల కొల్లేరు సరస్సులోని లంకలూ దీవులే. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతరకి ఫాల్గుణంలో జనం పడవల మీద వెళ్ళేవారు. ఇక్కడి సొంత బండి తాటిదోనె. తాటిచెట్టు మొదలు భాగాన్ని నిలువునా చీల్చి లోపలి మెత్తటి పీచు తీసేస్తే, బయటి గట్టి చేవ దోనెగా మిగులుతుంది. ఒంటి దోనెలో నిలబడి గెడ వేసేవాడి మోకాళ్ళు చూడాలి, క్షణం కూడా బిగుసుకోవు. మనుషుల్నీ సరుకునీ దాటించాలంటే రెండు దోనెలు జతకట్టుకుంటారు.

అమ్మడు నేర్వాల్సిన పాఠం అసలు ఇక్కడే ఉంది. లంకలో సాయంత్రం దోనెని గుంజకి కట్టేవాడు తాడు ఎంత వదలాలో లెక్క వేసుకుంటాడు. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులన్నీ కొల్లేట్లో పడతాయి, బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. అది అరవై కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రం చేరుతుంది. కాబట్టి వాన ఎక్కడో పడుతుంది, మట్టం ఇక్కడ పెరుగుతుంది, నెత్తిన చూస్తే చుక్కలు మెరుస్తుంటాయి. కురచగా బిగించిన దోనె తెల్లారేసరికి ముక్కు మునిగి నీళ్ళు తాగుతుంది. మరీ వదిలిన దోనె పక్కదాన్ని గుద్దుతుంది, లేదా గుర్రపుడెక్కలో దూరి కూర్చుంటుంది. 1999లో కొల్లేటిని అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపలచెరువుల గట్లు కొట్టేశారు. అయినా గట్లు మిగిలినచోట నీటికి అడ్డే. 2024 సెప్టెంబరులో బుడమేరు విరుచుకుపడినప్పుడు లంకల దారులు మునిగి, మళ్ళీ పడవలే దిక్కయ్యాయి. ఆ రాత్రుళ్ళు తాడు సంగతి తెలిసినవాడే కాస్త కన్ను మూశాడు.

సముద్రం మీదా లెక్క ఇదే. లంగరు వేసేచోట లోతు ఎంతో, దానికి ఐదు నుంచి ఏడు రెట్లు తాడు వదులుతారు. రెండు మీటర్ల లోతుకి పది నుంచి పద్నాలుగు మీటర్లు. నిలువుగా లాగితే లంగరు లేచి వచ్చేస్తుంది, ఏటవాలుగా లాగితే నేలని కరుచుకుంటుంది. తాడు అంచుకి రాసుకునేచోట పాతగుడ్డ చుట్టాలి. తెగేది ఎప్పుడూ అక్కడే.

ఈ మాటలు ముసలివాళ్ళ చాదస్తమనుకుంటుందేమో, అమ్మడికి నచ్చే కథే చెబుతాడు తాతయ్య. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి మన నౌకాదళం ఆడపిల్లలు ఆరుగురు ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద భూమిని చుట్టి రావడానికి బయల్దేరారు. పొడవు 55 అడుగులు, మన గూటిపడవ కన్నా బ్రహ్మాండమేమీ కాదు. ఆ ఆరుగురిలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారు. 2018 మే 21న తిరిగొచ్చారు. మొత్తం 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు. అందులో సముద్రం మీద గడిచినవి 199 రోజులు. తీసేస్తే 55 రోజులు రేవుల్లో కట్టేసిన పడవ మీదే! ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగి పడవకి మరమ్మతులు చేసుకుని, తిండీ నీళ్ళూ నింపుకున్నారు.

కేప్‌టౌన్ దాటి ఇంటిదారి పట్టాక చుక్కాని తిప్పే ఏర్పాటు చెడింది. అనుకోకుండా మారిషస్‌లో పోర్ట్ లూయిస్ రేవుకి పోయి కట్టాల్సి వచ్చింది. అమ్మడు చెప్పే పచ్చటి ద్వీపం, నీలం నీళ్ళు, తెరచాప పడవ అన్నీ అక్కడున్నాయి. వాళ్ళు ఆగింది మాత్రం చుక్కాని బాగుచేసుకోవడానికి. అన్నట్టు ఆ దీవికి పందొమ్మిదో శతాబ్దంలోనే మనవాళ్ళు కూలీలుగా ఓడలెక్కి వెళ్ళారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద అక్కడి తెలుగువాళ్ళకి కోరంగీలన్న పేరే పడింది. తారిణి ఆగిన ఆ దీవిలో వాళ్ళ సంతతి ఇంకా ఉంది.

ఈ ఉత్తరంతో పాటు రెండు గజాల కొబ్బరితాడు పంపుతున్నాడు తాతయ్య. ఎంత లాగినా జారకుండా, విప్పాలంటే మాత్రం ఒక్క నొక్కుతో విడిపోయే ముడి ఒకటి అమ్మడికి ఇప్పటికే నేర్పి ఉంటారు. దాన్ని దీపం ఆర్పేసి మంచంకోడుకి వేసి చూడాలి. తర్వాత ఎడమ చేత్తో ఒక్కదానితో. ఆ తర్వాత తాడు తడిపి. ఆ మూడూ వచ్చాక దసరా సెలవులకి ఏలూరు రావాలి. ఆటపాకలో గూడకొంగల్ని చూపించి, అక్కణ్ణుంచి దోనె ఎక్కిస్తాడు తాతయ్య. తిరిగొచ్చాక దాన్ని గుంజకి కట్టేది మాత్రం అమ్మడే.

ఇట్లు,
తాతయ్య