చెరువు, తూము, కంప్యూటరు

ఉద్దేశం: ఇంటి కంప్యూటరుకు నిలకడైన విద్యుత్తు ఎలా అందుతుందో, దాని భాగాల మధ్య పొంతన ఎందుకు అవసరమో తెలియజేయడం.

ఇంటిలోని కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతే చాలామంది మొదట అనుమానించేది వైరసును. నేనూ అలాగే అనుమానించాను. 2004 వేసవిలో ఒక ప్రాచీన కావ్యానికి పాఠాంతరాల పట్టిక సిద్ధం చేస్తున్నాను. తాళపత్ర ప్రతులను చూచి వ్రాసుకొన్న కాగితాలు మూడు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. మధ్యాహ్నం రెండు దాటేసరికి వీధిలో కూలర్లు, మోటార్లు ఒక్కసారిగా తిరిగేవి. ట్యూబులైటు మినుకుమినుకుమనేది. యు.పి.ఎస్. ఉండి కూడా కంప్యూటరు తనంత తానే ఆగి, మళ్ళీ మొదలయ్యేది. చివరకు ఒకనాడు, మూడు వారాలు శ్రమించి కూర్చిన ఫైలు తెరుచుకోనే లేదు.

మరమ్మతుకు వచ్చిన యువకుడు వైరసు కోసం వెదకలేదు. పెట్టె మూత తీసి, మదర్‌బోర్డు మీద చిన్న చిన్న డబ్బాల వలె నిలబడి ఉన్న భాగాలను చూపించాడు. “చూడండి మాస్టారూ, వీటి నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బిపోయింది. ఎస్.ఎం.పి.ఎస్.లో కూడా ఇంతేనండి” అన్నాడు.

వాటి పేరు కెపాసిటర్లు. వాటి పని తెలియాలంటే గోడలోని ప్లగ్గు నుండి బయలుదేరాలి. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుంది, అంటే 100 సార్లు దిశ మార్చుకొంటుంది. సీలింగు ఫ్యానుకు దీనితో ఇబ్బంది లేదు. కంప్యూటరులోని చిప్పులకు మాత్రం ఎల్లప్పుడూ ఒకే దిశలో, ఒకే మట్టంలో ప్రవహించే ఏకముఖ విద్యుత్తు కావాలి. ఈ మార్పు చేసే సాధనమే ఎస్.ఎం.పి.ఎస్. అందులోని డయోడ్లు ప్రవాహాన్ని ఒకే దిశకు మళ్ళిస్తాయి. అయితే అలా మళ్ళిన విద్యుత్తు సెకనుకు 100 సార్లు ఎగసి పడుతూనే ఉంటుంది.

ఇక్కడ మన పల్లె చెరువును తలచుకోవాలి. వాన ఏడాది పొడుగునా కురవదు. కురిసినప్పుడు చెరువు నిండుతుంది, కురవనప్పుడు తూము గుండా పొలానికి నీరు విడుస్తుంది. వాన ఎప్పుడు ఆగిందో వరిమడికి తెలియదు. కెపాసిటరు కూడా విద్యుత్తు అల ఎగసినప్పుడు నిండి, అల పడినప్పుడు తన నిల్వను అందిస్తుంది. తరువాత ట్రాన్సిస్టర్లు ఆ విద్యుత్తును సెకనుకు వేలాది తునకలు చేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి, 12, 5, 3.3 వోల్టులకు దింపుతాయి. మళ్ళీ మరొక వడపోత జరుగుతుంది. 1995లో ఇంటెల్ సంస్థ ప్రవేశపెట్టిన ఏ.టి.ఎక్స్. పద్ధతి నియమాల ప్రకారం 12 వోల్టుల తీగలో మిగిలే అల 120 మిల్లీవోల్టులకు మించరాదు. అంటే నూటికి ఒక వంతు.

గోడ నుండి కరెంటు పోయిన తరువాత కూడా మంచి ఎస్.ఎం.పి.ఎస్. సెకనులో సుమారు అరవయ్యో వంతు కాలం పనిచేయగలదు. ఇళ్ళలో వాడే యు.పి.ఎస్. బ్యాటరీకి మారడానికి సాధారణంగా అంతకంటె తక్కువ వ్యవధి చాలు. ఆ రెప్పపాటును దాటించేది కెపాసిటరులోని నిల్వే. చెరువు పూడిపోతే వంతెన తెగినట్లే. నా యు.పి.ఎస్. ఎందుకు అక్కరకు రాలేదో అప్పుడు అర్థమయింది.

ఈ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుర్దాయం దాదాపు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. నేను పెట్టెను గోడకు ఆనించి, పైన దుమ్ము పడకుండా గుడ్డ కప్పేవాడిని! పైగా 2000 తరువాతి కొన్నేళ్ళలో ద్రవంలోని లోపం వలన ఎన్నో దేశాలలో మదర్‌బోర్డులు ఇలాగే పాడయ్యాయి.

కొత్త మదర్‌బోర్డు తెచ్చాను. పాత మెమరీ దానిలో పట్టలేదు. పాతది 168 పిన్నులది, కొత్తదానికి 184 పిన్నులది కావాలి. “కంపాటిబిలిటీ లేదండి” అన్నాడతను. దీనికి మన భాషలో పొంతన అనే చక్కని మాట ఉంది. వధూవరుల జాతకాలు చూచేటప్పుడు పెద్దలు వాడే మాటే అది. ఐ.బి.ఎం. సంస్థ 1981 నాటి తన పర్సనల్ కంప్యూటరు నిర్మాణ వివరాలను ప్రచురించడంతో, ఒకరి భాగాన్ని మరొకరి బోర్డులో అమర్చుకొనే వీలు కలిగింది. పొంతన చూచుకొనే బాధ్యత కూడా అప్పుడే మన మీద పడింది.

పొంతన అంటే ఆకారం ఒక్కటే కాదు. డి.డి.ఆర్.2, డి.డి.ఆర్.3 మెమరీలు రెండింటికీ 240 పిన్నులే. కాని మొదటిది 1.8 వోల్టులతోను, రెండవది 1.5 వోల్టులతోను పనిచేస్తాయి. పొరపాటున ఒకదానిలో ఒకటి గుచ్చకుండా, అంచున ఉన్న కోతను వేరు వేరు చోట్ల ఉంచారు. ఎక్కకపోతే బలవంతంగా నొక్కరాదు. గ్రాఫిక్స్ కార్డు చేర్చేవారు ఎస్.ఎం.పి.ఎస్. వాట్లు సరిపోతాయో లేదో ముందే చూడాలి. 1981 నాటి ఆ కంప్యూటరుకు 63.5 వాట్లు సరిపోయాయి. నేటి గ్రాఫిక్స్ కార్డులలో కొన్ని ఒక్కొక్కటే దానికి ఎన్నో రెట్లు కోరుతాయి.

అదృష్టవశాత్తు నా పాత హార్డ్‌డిస్కుకు కొత్త బోర్డుతో పొంతన కుదిరింది. అందులో ఆ ఫైలుకు పాత నకలు ఒకటి దొరికింది. ఆరు ఆశ్వాసాలలో నాలుగు దక్కాయి. మిగిలిన రెంటికీ అట్టపెట్టెలు దించి, మళ్ళీ మొదటి నుండి టైపు చేశాను. ఈసారి తెల్లవారుజామున, గుడ్డ తీసి.