ఒడి దొరకని బిడ్డ

శ్రీమద్భాగవతము చతుర్థస్కంధమునందలి ధ్రువోపాఖ్యానము ఎల్లరు ఎఱిగినదే. ఉత్తానపాద మహారాజునకు సునీతి, సురుచి అని ఇరువురు భార్యలు. సురుచి కుమారుడగు ఉత్తముడు తండ్రి ఒడిలో కూర్చుండియుండగా, సునీతి కుమారుడగు ధ్రువుడు, అయిదేండ్ల పసివాడు, తానును ఆ ఒడి నెక్కగోరెను. సురుచి పరుషవాక్యములాడి వానిని అడ్డగించెను. ఈ కథ వినువారు సురుచి మాటలనే తలంతురు గాని, తండ్రి మౌనమును తలచువారు తక్కువ. రాజు బిడ్డను తిట్టలేదు, కొట్టలేదు. చూచియు పలుకక ఊరకుండెను. పసిహృదయమున ములుకువలె నాటినది సవతితల్లి మాటయే కాదు, కన్నతండ్రి మౌనము కూడ.

సురుచివంటి వారు లేని గృహములందును, పక్షపాత మెఱుగని తల్లిదండ్రుల యొద్దను, ఒక్కొక్కప్పుడు ఒక బిడ్డకు ఒడి దొరకదు. ఇంట ఒకరు దీర్ఘవ్యాధితో బాధపడుచుండగా, ఆరోగ్యముగానున్న తోబుట్టువు స్థితి ఇట్టిదే.

తలసీమియా వ్యాధిగల బాలుడున్న ఇంటిని ఊహించుడు. ఇది తల్లిదండ్రు లిరువురినుండియు వంశానుగతముగ వచ్చు రక్తవ్యాధి, అంటువ్యాధి కాదు. తీవ్రరూపమున నున్నచో సాధారణముగా 2 మొదలు 5 వారముల కొకసారి రక్తమెక్కింపవలసి యుండును. అట్లెక్కించిన రక్తము వలన దేహమున ఇనుము పేరుకొనును. దానిని వెడలించుటకు వేరు మందులు వాడవలెను. ఒక నెలలో ముగియు కష్టము కాదిది. ఏండ్ల తరబడి సాగునది. తల్లి ఆసుపత్రిలో నుండును. తండ్రి రక్తదాతల కొరకు తిరుగుచుండును. పదేండ్ల అక్క తన జడ తానే వేసికొని, పొరుగింట భోజనము చేసి బడికి పోవును. చుట్టములు గుమ్మమున అడుగిడగానే “తమ్ముడెట్లున్నాడమ్మా?” అని అడుగుదురు. “నీవెట్లున్నావు?” అని అడుగువారుండరు. “బంగారుతల్లి, దేనికిని మారాము చేయదు” అని పెద్దలు మెచ్చుకొందురు. ఆ మెప్పే ఆమె నోటికి తాళమగును.

ఆ పసిమనస్సులో జరుగున దేమి? మొదట కోపము, వెనువెంటనే సిగ్గు. తమ్ముడు సూదిపోటులకు ఏడ్చుచుండగా తన కసూయ యేమని తన్ను తానే నిందించుకొనును. తానొకనాడు వానిని తిట్టినందుననే జబ్బు చేసెనేమో యని వెఱచును. తనకును వచ్చునేమో యని రాత్రులు నిద్రపోదు. కొందఱు బిడ్డలు ఉన్న తలనొప్పిని దాతురు. కొందఱు లేని కడుపునొప్పిని చెప్పుదురు. రెండును ఒక్క పిలుపే.

ఈ వ్యాధికి ఎముకమూలుగ మార్పిడి యను చికిత్స కలదు. ఒక తోబుట్టువు మూలుగ సరిపడు అవకాశము నాలుగింట ఒక వంతు. కావున అక్కకు పరీక్ష చేయుదురు. ఆ దినమున ఇంటిల్లిపాది చూపు ఆమెపై నిలుచును. ఇన్నాళ్లకు తన్ను చూచినది తన రక్తము కొఱకేనా యని ఆమెకు తోచినచో ఆశ్చర్యము లేదు. సరిపడకున్నచో పెద్దల ముఖముల వాడుట చూచి, తానేదో తప్పు చేసితినని క్రుంగును. కనుక పరీక్షకు ముందే తల్లిదండ్రులు ఆమెను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, సరిపడుట ఆమె చేతిలో లేదనియు, సరిపడినను పడకున్నను ఆమె తమకు ప్రాణమేననియు చెప్పవలెను.

ఒడిని కోరుట తోబుట్టువును ద్వేషించుట కాదు. ధ్రువుడు తపమొనర్చి మరలి వచ్చినపుడు ఉత్తముని ప్రేమతో కౌగిలించుకొనెను. పిమ్మట ఉత్తముడు వేటకుపోయి యక్షునిచే హతుడు కాగా, దుఃఖక్రోధములతో యక్షులపై యుద్ధమునకు వెడలినవాడును ఆ ధ్రువుడే.

సునీతి చేసిన పని గృహస్థులకు గొప్ప పాఠము. ఏడ్చుచు వచ్చిన బిడ్డను ఆమె మొదట ఒడిలోనికి తీసికొనెను. పిమ్మట దాపరికము లేక ఉన్న స్థితిని చెప్పెను. అటుపై శ్రీహరి పాదములను ఆశ్రయింపుమని దారి చూపెను. ఒడి, సత్యము, దారి: ఈ మూడును ప్రతి బిడ్డకు అవసరమే.

దినమునకు పావుగంట యైనను ఆ బిడ్డ కొఱకే కేటాయించి, ఆ సమయమున రోగి మాట తలపెట్టకుండుట ఒడి. వ్యాధి యెట్టిదో, అది ఎవరి తప్పును కాదనియు, అంటుకొనదనియు బిడ్డకు తెలియు మాటలలో చెప్పుట సత్యము. తల్లి ఆసుపత్రిలో నున్ననాడు బామ్మయో, మేనత్తయో, ఉపాధ్యాయురాలో ఆమె మాట వినునట్లు ఏర్పాటు చేయుట దారి. తమ్ముని సేవలో ఆమెకు పాలు ఉండవచ్చును గాని, బాల్యమంతయు ఆ సేవకే అర్పింపబడరాదు.

మధువనమున శ్రీహరి ప్రత్యక్షమైనపుడు ధ్రువునకు స్తుతింపవలెనని కోరిక కలిగినను మాటలు రాలేదు. స్వామి వాని మనస్సెఱిగి శంఖముతో చెక్కిలిని స్పృశింపగా వాక్కు వెలువడెను. చెప్పనేరని బిడ్డకు ముందు కావలసినది ప్రశ్న కాదు, స్పర్శ.

వ్యాధిగ్రస్తుడగు బిడ్డ కొఱకు మ్రొక్కులు మ్రొక్కి క్షేత్రములకు వచ్చు కుటుంబములు అనేకము. అర్చన వేళ గోత్రనామములు చెప్పునపుడు జబ్బుపడిన బిడ్డ పేరు, నక్షత్రము చెప్పి ఊరకుండుట కద్దు. ఆ ప్రక్కనే చేతులు జోడించి నిలిచియున్న రెండవ బిడ్డ పేరును కూడ చెప్పవలెను. స్వామికి ఆ పేరు తెలియనిది కాదు. తల్లిదండ్రుల నోట ఆ పేరు వినవలసినది ఆ బిడ్డయే.